మైనస్ తొమ్మిది అని రాసిన ఉదయం

ప్రతి ఏటా జెండా పండుగనాడు మార్కాపురం బడిలో నాకు దండ వేస్తారు. మంచులో సాటి సైనికుణ్ణి భుజాన మోసుకొచ్చినవాడినని పిల్లలకు చెబుతారు. మోసుకొచ్చిన మాట నిజం. అతణ్ణి ఆ మంచులోకి పంపినది ఎవరో చెప్పరు, ఎందుకంటే నేను చెప్పలేదు. అందుకే ఇది రాయవలసి వచ్చింది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. కార్తీకం చివర నేను లడఖ్‌లో కొండ మీది ఒక సైనిక ఠాణాకు చేరాను. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. చెట్టన్నది లేదు. రాతి బంకరు, మధ్యలో కిరసనాయిలు పొయ్యి, పదకొండు మంది మనుషులం. చదువుకున్నవాడినని సుబేదారు నాకు వాతావరణ పుస్తకం అప్పగించాడు. ఉదయం ఐదు నుంచి మూడు గంటలకొకసారి బయటి ఉష్ణమాపకం చూసి అంకె రాయాలి. అది తలుపుకు పన్నెండు అడుగుల దూరంలో, తెల్ల చెక్కపెట్టెలో ఉండేది. మైనస్ ఇరవై దాటితే టెలిఫోన్ తీగ పని ఆపాలి. తప్పనిసరై వెళితే ఉన్ని బూట్లు తొడగాలి. ఇది రాతపూర్వకమైన ఆజ్ఞ.

తీగలు చూసే లైన్‌మన్ రాచర్లవాడు. గొర్రెల కాపరుల ఇంటివాడు. నన్ను మామా అనేవాడు. పుస్తకం మీద వంగిన నన్ను చూసి నవ్వేవాడు.

"మీ మార్కాపురం పలకనుకున్నావా మామా, అంత గట్టిగా రాస్తాండావు? పలకైతే తుడుపుకోవచ్చు. ఇది పుస్తకం."

శివరాత్రి వచ్చింది. దానికి ముందు మూడు రోజులు చలి తగ్గింది. అంకెలు మైనస్ ఎనిమిది, పది మధ్య ఉన్నాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మాట నల్లమల అంచున పుట్టినవాళ్లకు సరిపోతుంది. ఆ కొండ మీద కూడా సరిపోతుందనుకున్నాను.

మరునాడు ఉదయం ఐదింటికి నేను కంబళి తీయలేదు. పడుకున్నచోటనే పుస్తకం అందుకొని మైనస్ తొమ్మిది అని రాశాను.

సుబేదారు అది చూసి, ఆరింటికి లైన్‌మన్‌నూ తోడుగా ఒక జవానునూ తీగ బాగుచేయడానికి పంపాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి లేదు.

"ఏంది మామా, ముక్కులో ఎంటికలు కూడా గడ్డకడుతుండాయి. ఆ ఉన్ని బూట్లు ఏసుకోవాల్నా?"

"శివరాత్రి పోయింది గదరా అల్లుడూ. తోలు బూట్లు చాలు."

"చదువుకున్నోడివి. నీ మాటే కానీ."

ఎనిమిదింటికి చెక్కపెట్టె తెరిచాను. మైనస్ ఇరవై ఆరు.

అప్పుడే సుబేదారుకు చెప్పి ఉండాలి. చెబితే ఐదింటి అంకె అబద్ధమని తేలుతుంది. మైనస్ పదకొండు అని రాశాను. తొమ్మిదింటికి లైన్‌మన్ తీగకు ఫోను తగిలించి మాట్లాడాడు.

"మామా, కాళ్లు తిమ్మిరెక్కినాయి. ఆడ ఎంతుంది?"

"పదకొండే. నడువు, వేడెక్కుతాయి."

"అట్లనే."

పదకొండింటికి జవాను మాట్లాడాడు. లైన్‌మన్ కూర్చుండిపోయాడని, కాళ్లు నొప్పి కూడా తెలియడం లేదంటున్నాడని చెప్పాడు. నేను పరుగెత్తాను. మూడు మైళ్లు. తిరుగుదారిలో అతణ్ణి భుజాన వేసుకొని నడిచాను. ఆసుపత్రిలో రెండు పాదాల వేళ్లన్నీ తీసేశారు.

చాలా ఏళ్ల తర్వాత ఒక శాస్త్ర వ్యాసం చదివాను. శీతకాలంలో ఉత్తర ధ్రువం మీద, మబ్బులకు ఎంతో పైన, చలిగాలి పెద్ద సుడిగా తిరుగుతుంటుందట. సుడి బలంగా ఉన్నంతకాలం గడ్డుచలి చాలావరకు ఉత్తరానే ఉంటుంది. పై గాలి హఠాత్తుగా వేడెక్కితే సుడి సడలుతుంది, పక్కకు ఒరుగుతుంది, ఒక్కోసారి రెండుగా చీలుతుంది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు చలి దక్షిణానికి జారవచ్చు. అన్ని చోట్లా కాదు. ఒక దేశం గడ్డకడుతుంటే మరొకటి వెచ్చగా ఉండవచ్చు. మా కొండ మీదికి దిగిన చలికి అదే కారణమో కాదో నాకు తెలియదు. అయినా ఆ వ్యాసం చదివి ఊరట పొందాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ధ్రువం ఎక్కడో ఉంది. ఉష్ణమాపకం పన్నెండు అడుగుల దూరంలో ఉంది.

సైన్యం నుంచి తిరిగి వచ్చిన నెలలోనే రాచర్ల వెళ్లాను. అతని తల్లి చెంబు నిండా మజ్జిగ తెచ్చింది.

"సల్ల తాగు నాయనా. నా బిడ్డను మోసుకొచ్చినావంట. నీ కడుపు సల్లగుండ."

తాగాను. లైన్‌మన్ గొర్రెలను తోలుకుపోతూ నన్ను కూడా రమ్మన్నాడు. కొంతదూరం నడిచాక, తల తిప్పకుండా అడిగాడు.

"ఆ పొద్దు నిజంగా పదకొండేనా మామా?"

"పదకొండే."

"అట్లయితే నా కాళ్లదే తప్పులే."

అతడు ముందు నడిచాడు. చెప్పులు లేవు. ఎర్రటి దుమ్ములో గొర్రెల గిట్టల నడుమ అతని అడుగులు పడ్డాయి. మడమలు లోతుగా దిగాయి. వేళ్లు పడవలసిన చోట దుమ్ము చెదరలేదు. నా కళ్ల ముందు నుంచి ఆ జాడలు ఇప్పటికీ చెరగలేదు.

అతడిప్పుడు లేడు. ఎత్తులలో, దూరాలలో, గాలుల శాస్త్రంలో నేను పొరపడి ఉంటే తెలిసినవారు సరిదిద్దండి. రాచర్లలో అతనివాళ్లు ఇది చదివితే, మొదట వారే దిద్దాలి. వారు ఏ అంకె మార్చమన్నా మారుస్తాను, ఆ ఇరవై ఆరు తప్ప. దాన్ని నా కళ్లతో చూశాను.