వెనక రోడ్డు అత్తమ్మది

మా ఆయన కాలేజీ రోజులల్ల స్టైల్ కోసమని మోటర్‌సైకిల్ అద్దాలు రెండూ పీకేసిండట. ఆయన మెట్రోల ఆఫీసుకు పోవుడు మొదలుపెట్టినంక ఆ పాత బండి నా చేతికి వచ్చింది. పెండ్లికి ముందే మా నాయన నాకు గేర్ల బండి నేర్పిండు కాబట్టి నడుపుడు నాకు భయం కాదు. భయమంతా వెనకనే. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మార్కెట్‌కు పోయే దారిల ఏ సందులకెల్లి ఏ ఆటో వచ్చి రాసుకుంటదో తెల్వదు.

"నువ్వు ముంగట చూడు బిడ్డా, వెనక నేను చూస్త," అని మా అత్తమ్మ ఆ పని తీసుకున్నది. చీర కట్టుకొని ఒక్క దిక్కే కాళ్లు ఏసి కూసుంటది కాబట్టి ఆమెకు ఎడమ దిక్కే మంచిగ కనబడ్తది. కుడి దిక్కు చూడాలంటే నా భుజం పట్టుకొని మొత్తం తిరగాలె. ఆమె తిరిగితే బండి ఊగుతది. పైగా ఆమె చెప్పే ముచ్చట్లల్ల బండికి పనికొచ్చేటియి తక్కువ.

"వెనక ఏమన్న వస్తున్నదా అత్తమ్మా?"

"మన పాలామె వస్తున్నది. కొత్త చీర కట్టింది."

"బస్సు ఉన్నదా అని అడుగుతున్న!"

"బస్సు గూడ ఉన్నది. ఆమె ఎనకనే."

ఒకరోజు నారాయణగూడల కుడికి తిరుగుతున్న. అత్తమ్మ ఎడమ దిక్కు మల్లెపూల బండిని చూస్తున్నది. సరిగ్గ నా మోచేతి పక్కన కారు హారన్ మోగింది. గట్టిగ బ్రేక్ కొట్టిన. ఎవ్వలికేం కాలేదు గని సంచిల టమాటలన్ని రోడ్డు మీద దొర్లినయి. కారాయన దిగి తిడ్తడనుకున్న. ఆయన మాతోపాటు వంగి టమాటలు ఏరి, "అక్కా, జర అద్దాలు పెట్టించుకోండ్రి," అని పోయిండు.

ఆదివారం అద్దాలు తెచ్చిన. అత్తమ్మ వాటి దిక్కు చూసి, "అయితే ఇగ నేను ఇంట్లనే ఉండాల్నా?" అన్నది. నవ్వబోయి ఆగిన. ఆమె పరాచికానికి అనలేదు. మోకాళ్ల నొప్పులతోని బస్సు మెట్లు ఎక్కలేదు, ఈ బండి మీద మార్కెట్‌కు పోవుడే ఆమె బయటి లోకం.

"నువ్వు రాకుంటే కూరగాయలు బేరం ఎవరు చేస్తరు? నాకు చాతనైతదా?" అన్న. "ముందుగాల ఇవి బిగించాలె, బయటికి రా."

బిగించి కూసుంటే రెండు అద్దాలల్ల నా రెండు భుజాలే కనబడ్డయి. రోడ్డు లేదు. మళ్ల దుకాణానికి పోయి పొడుగు కాడలవి మార్చుకొచ్చిన. వెనక నిలబడి చూపియ్యడానికి మనిషి కావాలె కద, అత్తమ్మను నిలబెట్టిన.

"కనబడుతున్ననా?"

"కనబడ్తలేవు అత్తమ్మా. ఇంక జర ఇటు."

ఆమె జరుగుకుంట, నేను అద్దం తిప్పుకుంట ఉంటే పై పోర్షన్ల కిరాయికుండే అక్క దిగొచ్చింది. సందు మూలకు ఇస్త్రీ చేసే అన్న వచ్చిండు. అత్తమ్మకు హుషారొచ్చింది. "నువ్వు ఆటోవి, గాడ నిలబడు. నువ్వు బస్సువి, మెల్లగ రా," అని అందరికి పనులు పంచింది. ఇస్త్రీ అన్న నోటితోనే హారన్ కొట్టుకుంట వచ్చిండు. ఇంజన్ స్టార్ట్ చేస్తే అద్దాలు గజగజ వణికినయి, అండ్ల బస్సు, ఆటో, అత్తమ్మ ముగ్గురు తీన్మార్ ఆడుతున్నట్టే ఉన్నది. నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. పాత సైకిల్ ట్యూబ్ ముక్క కోసి నట్టు కింద పెట్టి బిగిస్తే కొంత నిమ్మళమైంది.

గని ఎంత తిప్పినా కుడి దిక్కు దగ్గర్ల ఒక మూల మిగిలింది. అండ్ల నిలబడితే అత్తమ్మ కనబడుతలేదు.

"ఆ మూలకు తల తిప్పి చూసుకోవాల్సిందే," అన్న.

"నువ్వెందుకు తిప్పుడు? గా మూల నాది," అన్నది అత్తమ్మ. ఆమె మొఖం వెలిగిపోయింది.

మరుసటి వారం మార్కెట్‌కు తయారైతుంటే లోపలికెల్లి అత్తమ్మ మా ఆడిబిడ్డ పాత పంజాబీ డ్రెస్ ఏసుకొని వచ్చింది. పెండ్లయిన కాన్నుంచి చీర తప్ప ఇంకోటి కట్టని మనిషి! అటొక కాలు ఇటొక కాలు ఏసి కూసున్నది. హెల్మెట్ పెట్టుకొని, "నడువు," అన్నది.

బస్సు అద్దంల ముందే కనబడ్డది, దారి ఇచ్చిన. "కుడికి ఖాళీ!" అని అత్తమ్మ అరిస్తే తిరిగిన. కూరగాయలు కొన్నంక ఇంటికి మలుపుతుంటే నా వీపు మీద తట్టింది.

"గప్పుడే ఇంటికా? ఫ్లైఓవర్ మీదికెల్లి ఒక్కసారి పోదాం బిడ్డా."

ఎక్కించిన. పైన ఈదురు గాలి కొడ్తుంటే అత్తమ్మ చిన్నపిల్ల లెక్క "ఓ..." అని కేకేసింది. దిగినంక అశోక్‌నగర్ల బజ్జీల బండి కాడ ఆగినం. మేం ఇల్లు చేరేసరికి మా ఆయన కుక్కర్ పెట్టి, ఎన్ని విజిళ్లకు దించాల్నో తెల్వక పొయ్యి ముంగట నిలబడి ఉన్నడు.