మాస్టారి విమానానికి నేను తీసిన వంకర

2005. అనకాపల్లి మెయిన్ రోడ్డులో నాది టీవీ, రేడియో రిపేరు షాపు. నేను తుమ్మాలంటే కస్టమరు బయటికెళ్లి నిలబడాలి, అంత విశాలం. అందులోకి ఓ రోజు రిటైరైన సైన్సు మాస్టారు శామ్యూల్ గారు ఒక విమానాన్ని చంటిబిడ్డలా ఎత్తుకొచ్చారు. రేడియోతో నడిపే మోడల్ విమానం. దాని పొట్టలోని రిసీవరు, అంటే చేతిపెట్టె పంపే సంకేతాన్ని అందుకునే బోర్డు, మొరాయిస్తోందట.

"పాత డిజైను కదండీ. కొత్తది కొనుక్కోరాదా?" అన్నాను.

"నా కళ్లల్లో శుక్లాలయ్యా. ఎగరేత్తే ఇదే ఎగరేయాలి. లేదంటే ఈ సరదాకి నీళ్లొదులుకోవడమే."

ఈ ముసలి విమానంలో అంత గొప్పేమిటో తేల్చాలనిపించింది. బోర్డులో ఊడిన సోల్డరు ఐదు నిమిషాల్లో అతికించి, మిగతా మూడు రోజులూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. రెక్కలు మధ్యలో వంగి, చివర్లు పైకి లేచి ఉన్నాయి. ఎప్పుడో పడి వంగిపోయాయి పాపం! రెండిటినీ కలిపే ప్లైవుడ్ ముక్క కూడా వంకరే. ఊడబీకి తిన్నని ముక్క వేశాను. స్కేలే సిగ్గుపడేంత తిన్నగా వచ్చింది. మాస్టారి చూపుకి ఆ తేడా ఆనలేదు.

ఆదివారం చర్చి అయ్యాక నన్నూ తీసుకెళ్లి మునగపాక దగ్గర చెరకు కొట్టేసిన పొలంలో ఎగరేశారు. లేచింది, ఎడమకి ఒరిగింది. మాస్టారు చేతిపెట్టె మీద విమానాన్ని తిప్పే పుల్ల వదిలేసి నింపాదిగా నిలబడ్డారు. విమానం ఇంకా ఒరిగి, గిరగిరా తిరిగి పక్క చెరకుతోటలో కూలింది.

"ఏటి మాస్టారూ, మీ గద్ద తాగేసిందేటి?" అన్నాడు పొలం రైతు.

"వదిలేత్తే అదే సర్దుకోవాలి కదా!" అన్నారు మాస్టారు.

"రెక్కల వంకర నేనే తీసేసేనండి," అన్నాను.

"ఓరి నాయనా! అది వంకర కాదయ్యా, డైహెడ్రల్!"

అలా రెక్కలెత్తి ఉంచడాన్ని డైహెడ్రల్ అంటారట. విమానం ఒరిగితే, కిందికి దిగిన రెక్కే ఎక్కువ గాలి పట్టి మళ్లీ పైకి లేస్తుంది. నడిపేవాడు తడబడినా విమానం తడబడదు.

విరిగిన రెక్కల్ని జిగురు, బ్లేడుతో ఇద్దరం మళ్లీ నిలబెట్టాం, మధ్యలో ఆ పాత వంకర ముక్కే వేసి. ఎన్నిసార్లు పడినా ఇంట్లోనే బాగుపడడం దాని రెండో గొప్ప. రెండు వారాల తర్వాత ఎగరేస్తే ఒరిగింది. మాస్టారు పుల్ల వదిలేశారు. నేను ఆశ వదిలేశాను. అది మెల్లగా, తనంతట తానే సర్దుకుంది.

"సూడవయ్యా, నాకు కనపడకపోయినా దానికి తెలుసు," అన్నారు.

అప్పట్నుంచి షాపుకి ఏ వంకర వస్తువు వచ్చినా, స్క్రూడ్రైవరు పట్టేముందు అడుగుతున్నాను: "ఇది పుట్టుకతోనే ఇంతేనాండీ?"