మీటరు పాడైన కెమెరా

ఆన్‌లైన్‌లో కొన్న పాత చిన్న ఫిల్ము కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు పనిచేయడం లేదు. బాగుచేస్తారేమోనని ఈ రోజు మధ్యాహ్నం, ఒకప్పుడు అమలాపురంలో స్టూడియో నడిపిన సత్యానందం గారి ఇంటికి వెళ్ళాను. ఆయన మీటరు సంగతి వదిలేసి, పెరట్లో కొబ్బరిచెట్టు నీడలోకి అరచేయి చాపి, దాని మీద పడే వెలుతురును ఒక్క క్షణం చూసుకున్నారు.

“నాలుగొందల ఫిల్మే కదండీ? స్పీడు నూట పాతిక మీద పెట్టి, లెన్సు ఎనిమిదికి తిప్పండి.”

నమ్మలేక ఫోన్ యాప్‌లో వెలుతురు కొలిచాను. అదే వచ్చింది. ఆయన్ని అరుగు మీదికి, తర్వాత గదిలోకి తీసుకెళ్ళాను. మూడుచోట్లా ఆయన అరచేయీ నా ఫోనూ ఒకే మాట చెప్పాయి.

“ఇదెలా పట్టుబడిందండీ మీకు?”

“చర్చి పెళ్ళిళ్ళండీ. పెళ్ళికూతురిది తెల్లచీర. వెలుగు కాస్త ఎక్కువైతే చీర మీద ఒక్క పువ్వు కూడా కనపడదు. మళ్ళీ పెళ్ళి చేసుకోమంటామేంటండీ?”

మళ్ళీ పెరట్లోకి వచ్చి, ఆయన చెప్పినట్టే పెట్టి ఆ అరచేతిని ఫోటో తీశాను. అలవాటు కొద్దీ వెంటనే కెమెరా వెనక్కి తిప్పి చూశాను. నల్లటి మూత తప్ప అక్కడేమీ లేదు.

“బాగా వచ్చేసిందండీ, ఆయ్” అన్నారాయన.

రీలు ఇంకా కడిగించలేదు. అయినా నాకు అనుమానం లేదు. ఇంక ఆ మీటరు బాగుచేయించాలా వద్దా, మీరే చెప్పండి.