మామిడిపండు పెరుగన్నం, లూసియా ఆంటీ

డ్యూటీ దిగి, కాళ్ళీడ్చుకుంటూ ఐర్లండులో మా ఊరు ఎన్నిస్‌లోని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళేసరికి వెల్లుల్లి, బిర్యానీ ఆకు వేసి ఉడికించిన నల్ల బీన్స్ వాసన వచ్చింది. లూసియా ఆంటీ కూతురు వండి పెట్టి వెళ్ళిందట, గిన్నె పెట్టినది పెట్టినట్టే ఉంది. కొన్నాళ్ళుగా ఆంటీ తిండి ముట్టడం లేదు, పలకడం లేదు, నేనెవరో ఆనవాలు పట్టడం లేదు. ఇలాగే సాగితే మనిషి దక్కదని డాక్టర్ని కాబట్టి నాకు తెలుసు. తెలిసి చేసేదేముంది గనక.

నా చిన్నప్పుడు అమ్మ లిమరిక్‌లో ఆస్పత్రికి, నాన్న షానన్‌లో కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్తూ నన్ను పక్కింటి లూసియా ఆంటీకి అప్పజెప్పేవారు. ఆంటీది బ్రెజిల్. తెరిపివ్వని వాన, కుక్కర్ బుసలు, వంటింటి అలమరలో పై అరలో నాకందకుండా దాచిన చీజ్ బన్నులు, జూన్ నెలలో వాళ్ళ పండక్కి చేసే మొక్కజొన్న కేకు, వీటి మధ్యే నా బాల్యం గడిచింది. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం, కాబట్టి పొద్దస్తమానం పోర్చుగీసులోనే నేనేం చెయ్యాలో చెబుతూ ఉండేది. ‘ఎ మెల్యోర్’ అంటే సలహా, కోటు వేసుకుంటే మంచిదని, వినకపోతే మూతి ముడుచుకుని ఊరుకునేది. ‘తేం కి’ అంటే తప్పదు, తినాలి, పడుకోవాలి. ‘నాఁవ్ పోజి’ అంటే కూడదు, ఇక ఏడ్చి గీపెట్టినా లాభం లేదు. తినిపించేటప్పుడు మాత్రం మొదటి చెంచా తనే తిని చూపించి, రెండోది నా నోట్లో పెట్టేది.

ఒక వేసవిలో అమ్మ నా డబ్బాలో పెరుగన్నం, అందులో పిసికిన మామిడిపండు పెట్టి పంపింది. సగం తిన్నాక ఆంటీ చూసి, గుండెలు బాదుకుని డబ్బా లాగేసుకుంది. మామిడిపండూ పాలూ కడుపులో కలిస్తే ప్రాణం పోతుందని వాళ్ళ ఊళ్ళో గట్టి నమ్మకమట, పెరుగూ పాలే కదా. నన్ను సోఫా మీద పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసి, అమ్మ వచ్చేదాకా కదలకుండా కూర్చుంది. అమ్మ పడీపడీ నవ్వింది.

“ఏం కాదే పిచ్చిదానా, మీ అమ్మమ్మ నన్ను దీంతోనే పెంచింది,” అని నాతో అంది. ఆంటీకి అదే సంగతి ఇంగ్లీషులో ఎంత చెప్పినా ఎక్కలేదు. అప్పట్నించి మామిడిపండు పొద్దున, పెరుగన్నం మధ్యాహ్నం వేరువేరుగా పెట్టేది.

ఇవాళ మాట్లాడే ఓపిక కూడా లేక, ఆంటీ మంచం పక్కనే నా డబ్బా తెరిచాను. అమ్మ పోయాక ఏటా వేసవిలో ఈ మామిడిపండు పెరుగన్నం నేనే కలుపుకుంటున్నాను. చెంచా ఎత్తానో లేదో, బక్కచిక్కిన చెయ్యి ఒకటి నా మణికట్టు పట్టుకుంది.

“నాఁవ్ పోజి.”

ఎన్నాళ్ళకో విన్న గొంతు. డబ్బా పక్కకు నెట్టి, బీన్స్ గిన్నె నా ముందుకు జరిపింది. “తేం కి కొమేర్,” అంది, తిని తీరాలన్నట్టు. నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పటిలాగే నోరు బిగించి, ముందు మీరు అన్నట్టు ఆమె వైపు వేలు చూపించాను. కాసేపు నన్నే చూసి, మొదటి చెంచా తను తింది. రెండోది నాకు పెట్టింది. మళ్ళీ తను, మళ్ళీ నేను.

ఆ పక్కిల్లు ఇప్పుడు వేరెవరికో అద్దెకిచ్చారు. పడీపడీ నవ్వే అమ్మ లేదు. నా పేరు ఆంటీకి గుర్తు రాలేదు. గిన్నె ఖాళీ అయ్యాక మాత్రం నా పొట్ట మీద చెయ్యి వేసి, నాకేమైనా అవుతుందేమోనని కనిపెట్టుకుని కూర్చుంది.