మీటరు దగ్గర సెవెరో

ఎత్తైన పీఠభూమి మీది ఎల్ ఆల్తో నగరపు చలిలో రోజూ పొద్దున్నే కరెంటు పనిచేసే సెవెరో చేతి తొడుగు తీసి, బసీలియా ఇంటి మీటరు నుంచి లోపలికి పోయే మెయిన్ వైరుకు చెయ్యి తిరగేసి ఆనిస్తాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. పన్నెండేళ్ల కిందట ఆ సన్న వైరును ఎంచింది అతనే. అప్పుడు ఆ ఇల్లు ఒక గది, ఒక బల్బు, ఒక రేడియో. ఇప్పుడు మూడంతస్తులు, అంతస్తుకో నీళ్లు కాచే కరెంటు షవరు, వీధివైపు నిలువెత్తు గులాబీరంగు అద్దాలు. గోడలోని వైరును మెచ్చుకునే చుట్టాలెవరూ ఉండరు కదా.

"అక్కా, వేలిలావు రాగి వైరు వేద్దాం. నాకు కూలి కూడా వద్దు," అని నిన్న మళ్లీ బతిమాలాడు.

"మనవలదాకా ఢోకా లేదన్నది నువ్వే కదయ్యా! నాకింకా మనవలే పుట్టలేదు. ముందు నాలుగో అంతస్తు లేవనీ," అని నవ్వింది బసీలియా.

"పోనీ, ఒకరి తర్వాత ఒకరు స్నానం చెయ్యండి."

"దమ్ముంటే మా కోడళ్లకు నువ్వే చెప్పు!"

ఇవాళ ఆనించిన చేతిని చటుక్కున లాక్కున్నాడు. వైరు తొడుగు మెత్తబడి చర్మానికి అంటుకుంది. కరెంటు ఆపుదామంటే మీటరు పెట్టెకేమో కరెంటు కంపెనీ తాళం. పరిగెత్తి తలుపు బాదాడు. లోపల మూడు షవర్లూ ఒక్కసారే పారుతున్నాయి. ఆ నీళ్ల చప్పుడులో అతని పిలుపు ఎవరికీ వినబడలేదు.