సాంబ్రాణి కోసం ఇచ్చిన ఐదు నిమిషాలు

2023 వానాకాలం. నగరం శివార్లలోని బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఇళ్లల్లో పొగ, గ్యాస్ పసిగట్టే సెన్సార్లు బిగించడం మా పని. అవి పంపే అంకెలన్నీ ఇంట్లోనే ఒక మూల ఉండే చిన్న సర్వర్‌కు, అంటే టిఫిన్ డబ్బా అంత కంప్యూటర్‌కు చేరతాయి. ప్రమాదం కనిపిస్తే అది అలారం మోగిస్తుంది.

అదే నగరంలోని పాతపేట నగర్తపేటలో ఒంటరిగా ఉండే సరోజమ్మ గారింట్లో అలాంటిది బిగించాను. వారం తిరక్కుండానే ఆమె ఫోన్ చేశారు.

“సాంబ్రాణి వేస్తే చాలు, నీ మెషిన్ కూస్తాదప్పా. పక్కింటోళ్లంతా బయటికొస్తాండారు.”

సాంబ్రాణి పొగ నాలుగు నిమిషాల్లో తగ్గిపోతుంది. అందుకని పొగకైనా, గ్యాస్‌కైనా ఐదు నిమిషాలు ఏకధాటిగా అంకె ఎక్కువుంటేనే మోగేలా మార్చాను. ఆమె మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

మరుసటి నెలలో ఆమె ఇంటి సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ రోజూ పొద్దున పూట క్రాష్ కావడం మొదలైంది. ఆఫీసులోంచే లాగ్ తెరిచాను. ప్రోగ్రామ్ తను చేసిన ప్రతి పనీ రాసిపెట్టుకునే ఫైల్ అది. గ్యాస్ సెన్సార్ సెకనుకు పదుల సార్లు పెద్ద పెద్ద అంకెలు పంపుతోంది. రెండు నిమిషాల్లో మెమరీ నిండి ప్రోగ్రామ్ పడిపోతోంది. ఆ అంకెలు చూసి నవ్వొచ్చింది. మనుషులు తిరిగే ఇంట్లో అంత గ్యాస్ ఎక్కడుంటుంది, సెన్సారే పాడైందని తేల్చేశాను. నేను వెళ్లేదాకా ఇబ్బంది ఉండకూడదని ఆటో రీస్టార్ట్ పెట్టాను, పడిన ప్రోగ్రామ్ తనంతట తానే లేచేలా. మా వృత్తిలో అందరం చేసే పనే.

నాలుగో రోజు పొద్దున కొత్త సెన్సార్ తీసుకుని వెళ్లాను. తలుపు తెరవగానే గ్యాస్ వాసన గుప్పుమంది. సరోజమ్మ గారి చేతిలో అగ్గిపెట్టె ఉంది.

“అమ్మా, గీయకండి. అది నాకివ్వండి,” అన్నాను.

రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను. సిలిండర్ వెనక రబ్బరు పైపును ఎలుక రోజుకింత కొరుకుతూ వచ్చింది. పొద్దున ఒక్కసారే వండుకుని, వంట కాగానే రెగ్యులేటర్ కట్టేసే అలవాటు ఆమెది. కాబట్టి గ్యాస్ పొద్దున పూటే లీకయ్యేది.

“మీకు వాసన తెలియలేదా?” అని అడిగాను.

“జరమొచ్చి పోయినప్పట్నుంచి నాకు ఏ వాసనా తెలీదప్పా. అందుకే గదా ఇది పెట్టించుకునింది. నువ్వు రిపేరీ చేసినాక కూయలేదు. అంతా బాగుండాదనుకుంటి.”

అప్పుడు అర్థమైంది. రెండు నిమిషాలకోసారి పడి లేచే ప్రోగ్రామ్, లేచిన ప్రతిసారీ ఆ ఐదు నిమిషాలను మొదటి నుంచి లెక్కపెడుతుంది. ఇక అలారం ఎప్పటికీ మోగదు. అది మోగకుండా చేసింది నేనే.

సెన్సార్ ఎందుకు పెట్టించుకుంటున్నారని నేను ఆమెను ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు బిగించే ముందే అందరినీ అడుగుతున్నాను. లాగ్‌లో నమ్మబుద్ధి కాని అంకె కనిపిస్తే మాత్రం సెన్సార్ సంగతి తర్వాత. ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి, పొయ్యి వెలిగించొద్దని చెబుతాను.