గుడారంలో ఆంటీకి చోటు

బెడోక్‌లో మా ఫ్లాటు పదకొండో అంతస్తులో ఉండేది. వంటింటి కిటికీలోంచి చూస్తే రెండు బ్లాకుల సందున వేలెడంత సముద్రం, అందులో ఎప్పుడూ ఏదో ఒక ఓడ. గిన్నెలు కడుగుతూ దాన్నే చూస్తూ నిలబడితే, చప్పుడు కుళాయిదో అలలదో కాసేపు తెలిసేది కాదు. ఒక్క రాత్రయినా ఆ ఒడ్డున గుడారం వేసుకుని పడుకోవాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది.

అనుకున్నంత తేలిక కాదది. మా ఆయనకు జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఉద్యోగం, షిఫ్టులు. ఆయన సెలవు, పాప బడి సెలవు, ఒడ్డున ఉన్న పార్కువాళ్ళ అనుమతి, మూడూ ఒకే రోజున కలవాలి. నెలల తరబడి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం వేలాడింది. దోమల మందు, టార్చి, పులిహోర, చాప అంటూ ఒక్కొక్కటే రాస్తూ పోయాను. రాస్తున్నంతసేపూ సగం అక్కడే ఉన్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం పక్క ఫ్లాటు ఆంటీ ఆ కాగితం చూశారు. ఆమెది హైదరాబాదు. భర్త పోయాక ఈ దేశానికి, కూతురి దగ్గరికి వచ్చేశారు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళాక పొద్దంతా మాతోనే కాలక్షేపం. పాప ఆమెను అమ్మమ్మలా నానీ అని పిలిచేది.

"ఏంది బేటీ ఇది, పెళ్ళి సామానా?"

"కాదాంటీ. ఈస్ట్ కోస్ట్ పార్కులో గుడారం వేసుకుని పడుకుందామని."

ఆమె ఆ కాగితాన్ని మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత, "నేను గూడ వస్త" అన్నారు.

చిన్నప్పుడు ఎండాకాలం సాయంత్రాలు వాళ్ళమ్మ డాబా మీద బకెట్లతో నీళ్ళు గుమ్మరించేదట. వేడి గచ్చు మీంచి ఆవిరి లేచేదట. అది ఆరాక అక్కచెల్లెళ్ళంతా వరసగా పక్కలు పరుచుకునేవారట. "షాదీ అయినంక పైన చుక్కల్లేవు బేటీ, ఫ్యాన్లే" అన్నారామె.

ఆ మాట చెబితే మా ఆయన తల పట్టుకున్నారు. "ఆవిడ మోకాలి ఆపరేషనై ఏడాది కాలేదు. గుడారంలోకి వంగి దూరాలి. కూర్చుంటే లేవగలరా?"

"ఇక్కడే చూసుకుందాం" అన్నాను.

ఆదివారం సోఫా జరిపి హాల్లోనే గుడారం వేశాం. టైల్స్‌లో మేకులు దిగవు కనుక తాళ్ళను కిటికీ ఊచలకు కట్టాం. ఆంటీ తన దిండుతో సహా వచ్చారు. మా ఆయన భుజం పట్టుకుని, పక్కకు తిరిగి, మెల్లగా లోపలికి జరిగారు. నీలం గుడ్డలోంచి వెలుతురు పడి ఆమె నెరసిన జుట్టు, చేతులు, దిండు అన్నీ నీలంగా కనబడ్డాయి.

"పరుపు?" అన్నాను.

"నక్కో" అని వద్దన్నట్టు చెయ్యి ఊపి ఆమె కళ్ళు మూసుకున్నారు. అయిదు నిమిషాల్లో నిద్రపోయారు. మేం వంటింట్లో గుసగుసలాడుకుంటూ అన్నాలు తిన్నాం. రెండు గంటల తర్వాత లోపలికి ప్లాస్టిక్ స్టూలు ఒకటి అందించాం. దాన్ని ఆనుకుని ఆమె తనంతట తానే లేచారు. వాళ్ళమ్మాయి మొదట ఒప్పుకోలేదు. వెళ్ళే రోజు మాత్రం ఆ స్టూలు తనే తెచ్చి కారులో పెట్టింది.

పార్కుకు చేరామో లేదో, వాన. చేతుల్లో సామానుతో షెడ్డు కిందికి పరుగెత్తాం. మా ఆయన ఆకాశం చూసి నిట్టూర్చారు.

"అమ్మా, గో హోమ్ లా" అంది పాప, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

"వాన పడితే డాబా మీదికెల్లి ఇంట్లకు ఉరికేటోళ్ళం" అన్నారు ఆంటీ. "గీడ యాడికి ఉరుకుతం? కూసో."

కూర్చున్నాం. పులిహోర సగం అక్కడే అయిపోయింది. పొద్దు వాలేముందు వాన వెలిసింది. సరుగుడు చెట్ల కింద తడి ఇసుకలో మేకులు చక్కగా దిగాయి. చీకటి పడుతుంటే సముద్రం మీద ఓడల దీపాలు ఒకటొకటిగా వెలిగాయి.

"ఎన్ని చుక్కలో" అన్నారు ఆంటీ.

"నానీ, దే ఆర్ షిప్స్ లా!"

"ఉండనీ బిడ్డా. కండ్లద్దాలు తీసేసిన."

తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే ఆమె పడుకున్న చోటు ఖాళీగా ఉంది. బయటికి పాకాను. స్టూలు కాళ్ళు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. దాని మీద ఆమె సముద్రానికి వీపు పెట్టి, పడమటికి తిరిగి కూర్చుని నమాజు చేసుకుంటున్నారు. అయ్యేదాకా ఆగాను.

"మమ్మల్ని లేపొచ్చుగా ఆంటీ?"

"లేపితే చెయ్యి ఇస్తరు. నేనే లేవాలనుకున్న."

అప్పుడు చెయ్యి చాచారు. నీళ్ళ దాకా నెమ్మదిగా నడిచాం. ఆమె సల్వార్ కొద్దిగా పైకి పట్టుకున్నారు. మొదటి అల పాదాలను తాకగానే నా వేళ్ళను గట్టిగా నొక్కి, "గోరువెచ్చగున్నది" అన్నారు ఆశ్చర్యంగా. ఎండ వచ్చేదాకా మేం అక్కడే నిలబడి ఉన్నాం.